ఎఫ్‌ఎల్‌పీ బాక్స్ కొనే ముందు, బిగించిన తర్వాత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎఫ్‌ఎల్‌పీ అంటే ఫ్లేమ్‌ప్రూఫ్, మండే ఆవిరి ఉండే చోట స్విచ్చులు, తీగల జాయింట్లు పెట్టే విద్యుత్ పెట్టె. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసేవాళ్లు, పర్చేజ్‌లో కొత్తగా చేరినవాళ్లు, అప్పుడప్పుడు ప్రొడక్షన్ వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. పటాన్‌చెరు వైపూ పరవాడ వైపూ పనిచేసినవాణ్ని కాబట్టి ఉదాహరణలన్నీ రియాక్టర్లు, సెంట్రిఫ్యూజ్‌లు, సాల్వెంట్ (సులువుగా మండే ద్రావకం) డ్రమ్ముల చుట్టూనే తిరుగుతాయి. గ్యాస్ గ్రూపులను 2ఎ, 2బి, 2సి అని రాశాను. బాక్స్ ప్లేటు మీద మాత్రం ఆ రెండు రోమన్ అంకెలో ఉంటుంది.

ఎఫ్‌ఎల్‌పీ అంటే గ్యాస్ చొరబడకుండా సీలు చేసిన పెట్టే కదా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎఫ్‌ఎల్‌పీ పెట్టె ఊపిరి పీలుస్తుంది. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, బయటి ఆవిరిని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. లోపల కాంటాక్టర్ (కరెంటును కలిపే, తెంపే స్విచ్చి) పడినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, ఆవిరి అంటుకుంటుంది, పెట్టెలోనే పేలుతుంది. ఇదంతా జరుగుతుందని ముందే ఒప్పుకుని తయారుచేసిన పెట్టె అది. దానికి ఉన్న పనులు రెండే. ఆ పేలుడుకి పగిలిపోకుండా నిలబడాలి. బయటికి తోసుకొచ్చే వేడి వాయువును మూతకీ బాడీకీ మధ్య ఉన్న సన్నటి సందులోనే చల్లార్చాలి. ఆ సందును ఫ్లేమ్ పాత్ అంటారు. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగని దీపం చుట్టూ సన్నటి లోహపు జల్లెడ బిగించినప్పుడు నమ్ముకున్నదీ దీన్నే: మంట ఇరుకైన లోహపు దారిలోంచి పోతే తన వేడిని దారికే అప్పజెప్పి ఆరిపోతుంది.

ఇది బుర్రకెక్కితే కింద రాసిన వాటిలో సగం మీరే ఊహించుకోగలరు. గోకిన ఫ్లాంజ్ (మూత, బాడీ కలిసే అంచు), ఊడిపోయిన బోల్టు, వదులు గ్లాండ్ (కేబుల్ లోపలికి పోయే చోట బిగించే అమరిక), ఇవన్నీ ఆ సందును పాడుచేసే పనులే.

కొటేషన్ అడగడానికి ముందు నా దగ్గర ఏం ఉండాలి?

మూడు కాగితాలు. ఏరియా క్లాసిఫికేషన్ డ్రాయింగ్, ఆ బ్లాకులో వాడే సాల్వెంట్ల జాబితా, ఆ చోట ఎండాకాలంలో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత. ఇవి లేకుండా "ఎఫ్‌ఎల్‌పీ జేబీ (జంక్షన్ బాక్స్), 10 నంబర్లు" అని ఇండెంట్ పంపితే, వెండర్ తన గోడౌన్‌లో ఏది ఉంటే అది పంపుతాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు.

డ్రాయింగ్‌లో జోన్లు ఉంటాయి. రియాక్టర్ లోపల, సాల్వెంట్ ట్యాంకులో ద్రవం పైనున్న ఖాళీలో ఆవిరి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది జోన్ 0. మ్యాన్‌హోల్ తెరిచి ఛార్జ్ చేసే చోట, డ్రమ్ములోంచి పంపు చేసే చోట మామూలు పనిలోనే అప్పుడప్పుడు ఆవిరి వస్తుంది, అది జోన్ 1. ఏదైనా లీకైతే తప్ప రాని చోటు, వచ్చినా కాసేపే ఉండే చోటు జోన్ 2. ఏ జోన్ ఎన్ని మీటర్ల దాకా అనేది వెంటిలేషన్‌ని బట్టి, ఎంత ఆవిరి రావచ్చన్నదాన్ని బట్టి లెక్కగట్టాలి. దానికి భారత ప్రమాణం ఐఎస్ 5572, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60079లో 10-1 భాగం ఉన్నాయి. "పక్క ఫ్యాక్టరీలో ఇంతే పెట్టారు" అన్నది లెక్క కాదు.

ఇంకొక మాట. బ్లాకు కట్టినప్పుడు వేసిన డ్రాయింగ్ ఆనాటి ప్రోడక్టుకి సంబంధించింది. బల్క్ డ్రగ్‌లో ప్రోడక్టు ఏడాదికోసారి మారుతుంది, డ్రాయింగ్ మాత్రం ఫ్రేము కట్టి గోడకి వేలాడుతూనే ఉంటుంది. మార్పులు నమోదుచేసే ఛేంజ్ కంట్రోల్ ఫారంలో సాల్వెంట్ మారిందన్న టిక్కు పడినప్పుడల్లా ఆ కాపీ ఎలక్ట్రికల్‌కి రావాలని పట్టుబట్టండి.

2ఎ, 2బి, 2సి తేడా ఏమిటి? అన్నీ 2సి కొనేస్తే గొడవ వదిలిపోదా?

ఎంత సన్నటి సందులోంచి మంట దూరిపోగలదు అన్నదే గ్రూపు. ప్రయోగశాలలో కొలిచే ఈ సందు 0.9 మిల్లీమీటర్ల పైన ఉంటే 2ఎ, 0.5 నుంచి 0.9 మధ్య ఉంటే 2బి, 0.5 కంటే తక్కువైతే 2సి. ప్రొపేన్, అసిటోన్, టొలుయిన్, మెథనాల్ 2ఎ. ఇథిలీన్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), ఈథర్ 2బి. హైడ్రోజన్, ఎసిటిలీన్ 2సి. మెథనాల్ విలువ 0.92, ఇథనాల్ విలువ 0.89. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఐఈసీ పట్టికలో ఒకటి గీతకి ఇటు, ఇంకొకటి అటు. మెథనాల్‌కని కొన్న పాత 2ఎ బాక్సులున్న చోట ఇథనాల్ మొదలుపెట్టేటప్పుడు ఈ చిన్న తేడా గుర్తుంచుకోవాలి.

అన్నీ 2సి కొనొచ్చు, సాంకేతికంగా తప్పు లేదు. కానీ 2సి పెట్టెకి సందు సన్నం, మెషినింగ్ కచ్చితం, ధర ఎక్కువ. సైట్‌లో చిన్న గీత పడినా సహించదు. నా మట్టుకు నేను హైడ్రోజనేషన్ బ్లాకుకి 2సి, మిగతా సాల్వెంట్ బ్లాకులకి 2బి అని విడగొడతాను. స్టోర్స్‌లో రెండూ కలిసిపోతాయన్న భయం ఉంటే, బాక్సులకి వేరే రంగు వేయించమని తయారీదారునే అడుగుతాను. సైట్‌లో మనం వేయకూడదు, ఎందుకో కింద వస్తుంది.

టీ6 ఉంటే ఇక దేనికైనా పనికొస్తుందా?

టీ క్లాసు అంటే పెట్టె బయటి ఉపరితలం గరిష్ఠంగా ఎంత వేడెక్కుతుందన్న హామీ. టీ1 450 డిగ్రీలు, టీ2 300, టీ3 200, టీ4 135, టీ5 100, టీ6 85 డిగ్రీల సెల్సియస్. సాల్వెంట్ ఆవిరి నిప్పురవ్వ లేకుండా వేడికే అంటుకునే ఉష్ణోగ్రత కంటే ఇది తక్కువ ఉండాలి.

గ్రూపుకీ దీనికీ సంబంధం లేదు. హైడ్రోజన్ సందు విషయంలో మహా మొండిది, 2సి. కానీ వేడికి అంటుకోవాలంటే 500 డిగ్రీలు దాటాలి, కాబట్టి టీ1 చాలు. డైఇథైల్ ఈథర్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది: గ్రూపు 2బినే, వేడి విషయంలో మాత్రం టీ4 కావాలి. హెక్సేన్‌కి టీ3. కార్బన్ డైసల్ఫైడ్ అన్నిటికీ పైన ఉంటుంది. దాని ఆవిరి 100 డిగ్రీల చుట్టుపక్కలే అంటుకుంటుంది, స్టీమ్ లైను తగిలినా చాలు. దానికి టీ6 తప్ప గతి లేదు, గ్రూపూ 2సినే.

ఇక మన ఊళ్లకి సంబంధించిన చిక్కు. ప్లేటు మీద వేరే ఏమీ రాయకపోతే ఆ హామీ అంతా మైనస్ 20 నుంచి ప్లస్ 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకే. రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం 40 దగ్గర ఆగుతుందా? నీడలోనే 45 దాటే రోజులుంటాయి. ట్యాంక్ ఫామ్‌లో పడమటి ఎండకి నిలబెట్టిన అల్యూమినియం బాక్స్ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆరుబయట బాక్సుకి పరిసర ఉష్ణోగ్రత 50 లేదా 55 అని సర్టిఫికెట్‌లోనే రాసి ఉన్న మోడల్ అడగండి. పైన ఒక రేకు పందిరి వేయించండి. పందిరి ఖర్చు చూసి మేనేజర్ ముఖం చిట్లిస్తాడు, అయినా అడగండి.

ఐపీ 66 అని రాసుంది. ఇది ఎఫ్‌ఎల్‌పీతో సమానమే కదా?

కాదు. ఐపీ సంఖ్య దుమ్ము, నీళ్లు చొరబడటం గురించి చెబుతుంది, పేలుడు గురించి కాదు. మంచి వెదర్‌ప్రూఫ్ బాక్స్ లోపల పేలుడు జరిగితే ముక్కలై ఎగురుతుంది. తిరగేసి చూసినా అంతే, ఎఫ్‌ఎల్‌పీ అయినంత మాత్రాన వానకి తట్టుకోదు. రెండూ విడివిడిగా అడగాలి.

విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలి ఇంకో సమస్య. ఎల్‌ఎం6 అల్యూమినియం పోత పెట్టె బాగానే నిలుస్తుంది గానీ దాని బోల్టులు మామూలు ఉక్కువైతే రెండేళ్లలో పట్టేస్తాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు కావాలని ఇండెంట్‌లోనే రాయండి. తర్వాత మీరే మార్చుకుంటే, తయారీదారు చెప్పిన బలం గ్రేడుదే కొనాలి. కొట్లో దొరికిన బోల్టు వేయడం ఎఫ్‌ఎల్‌పీని చంపడమే.

ప్రతిచోటా ఎఫ్‌ఎల్‌పీనే ఎందుకు? ఇంకే దారీ లేదా?

ఉంది. అన్నిటికంటే మంచి దారి బాక్స్‌ని అక్కడ పెట్టకపోవడం. వీఎఫ్‌డీని (మోటారు వేగం మార్చే పరికరం) రియాక్టర్ పక్కన పెద్ద ఎఫ్‌ఎల్‌పీ పెట్టెలో కుక్కి, అది వేడికి ట్రిప్పవుతోందని వాపోయేవాళ్లు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. దాన్ని ఎంసీసీ గదికి (మోటార్ల కంట్రోళ్లన్నీ ఒకచోట ఉండే గది) పంపి, ఫీల్డ్‌లో ఒక పుష్‌బటన్ స్టేషన్ మాత్రం ఉంచితే చాలు.

టెర్మినళ్లు మాత్రమే ఉండి, స్విచ్చి ఏదీ లేని జంక్షన్ బాక్సుకి ఎక్స్ ఇ సరిపోతుంది. ప్లేటు మీద ఎక్స్ పక్కన ఉండే అక్షరం రక్షణ పద్ధతిని చెబుతుంది, ఎఫ్‌ఎల్‌పీది ఎక్స్ డి. ఇందులో నిప్పురవ్వే పుట్టకుండా టెర్మినళ్లను బిగుతుగా, దూరదూరంగా కడతారు. తేలిక, తెరవడం సులువు, జోన్ 1లో కూడా పెట్టొచ్చు. ఫైబర్‌గ్లాస్‌వి దొరుకుతాయి, ఉప్పుగాలికి భయం లేదు. వాటిని పొడిగుడ్డతో తుడవకండి, స్టాటిక్ పుడుతుంది.

ట్రాన్స్‌మిటర్, టెంపరేచర్ సెన్సర్ లాంటి చిన్న కరెంటు పనులకి ఎక్స్ ఐ. సర్క్యూట్‌లోనే శక్తిని కట్టడి చేస్తారు కాబట్టి తెగినా షార్ట్ అయినా వచ్చే రవ్వకి ఆవిరిని అంటించే సత్తా ఉండదు. జోన్ 0కి నేను ముందు చూసేది ఇదే. ఈ ఆలోచనకి మూలం కూడా గనుల్లోనే ఉంది. 1913లో వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో 439 మంది కార్మికులు చనిపోయారు. కారణం కావచ్చని అనుమానించిన వాటిలో సిగ్నల్ గంటల తీగల్లో పుట్టిన రవ్వ ఒకటి. అంత తక్కువ వోల్టేజీ ఏం చేస్తుందిలే అన్న ధీమా దాంతో పోయింది.

పెద్ద పానెల్, అనలైజర్ లాంటివి తప్పనిసరిగా అక్కడే ఉండాలంటే ఎక్స్ పి. శుభ్రమైన గాలిని లోపలికి పంపి, బయటికంటే కనీసం 50 పాస్కల్ ఎక్కువ ఒత్తిడి ఉంచుతారు. కరెంటు ఇచ్చే ముందు పెట్టె ఘనపరిమాణానికి కనీసం అయిదు రెట్ల గాలితో లోపల కడగాలి. గాలి మీద ఆధారం కాబట్టి, ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కంప్రెసర్ ఇన్‌టేక్ సాల్వెంట్ యార్డు పక్కనే ఉంటే మనమే ఆవిరిని లోపలికి ఊదుతున్నట్టు.

మంచి కంపెనీ బాక్స్ కొన్నాం, సర్టిఫికెట్ ఉంది. ఇంకేం చూడాలి?

గ్లాండ్. నేను చూసిన లోపాల్లో బాక్స్‌వి తక్కువ, గ్లాండ్‌వి ఎక్కువ.

ఒక యూనిట్‌లో కొత్తగా వచ్చిన 2సి బాక్సుల వరుస చూపించారు, చూడముచ్చటగా ఉన్నాయి. అడుగున వాడని ఎంట్రీలకి (కేబుల్ వచ్చే రంధ్రాలకి) ఎర్ర ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి. రవాణాలో దుమ్ము పడకుండా పెట్టే మూతలవి. వాటి స్థానంలో సర్టిఫైడ్ లోహపు ప్లగ్గులు వేయాలి. అలాగే ఏడాది నడిచాయి. లోపల పేలుడు జరిగితే ఆ మూత తుపాకీ గుండులా వస్తుంది, దాని వెనకే మంట. అంత ఖరీదైన ఇనుప గోడకి ప్లాస్టిక్ తలుపు పెట్టుకున్నట్టు.

గ్లాండ్ కూడా బాక్సుకి తగిన ఎక్స్ డి సర్టిఫికెట్ ఉన్నదే కావాలి. డబుల్ కంప్రెషన్ అని ఉన్నంత మాత్రాన ఎఫ్‌ఎల్‌పీ కాదు. కేబుల్ గుండ్రంగా, లోపల ఖాళీల్లేకుండా ఫిల్లర్‌తో నిండి, కనీసం 3 మీటర్ల పొడవుంటేనే మామూలు రబ్బరు సీలింగ్ గ్లాండ్ సరిపోతుంది. తీగల మధ్య ఖాళీ ఉంటే వేడి వాయువు కేబుల్‌నే గొట్టంగా వాడుకుని అవతలికి పోతుంది. అలాంటి చోట కాంపౌండ్ పోసే బ్యారియర్ గ్లాండ్ వేయాలి.

మరలు కూడా చూడండి. మన మార్కెట్‌లో ఎంట్రీలు మెట్రిక్‌లో వస్తాయి, ఈటీలో వస్తాయి, ఎన్‌పీటీలో వస్తాయి, ఇవి వేర్వేరు మర కొలతలు. మెట్రిక్ ఎం20 గ్లాండ్‌ని ఈటీ రంధ్రంలో టెఫ్లాన్ టేపు చుట్టి బలవంతంగా తిప్పితే పట్టుకున్నట్టే ఉంటుంది, నిజానికి రెండు మరల మీద వేలాడుతుంటుంది. కనీసం అయిదు పూర్తి మరలు పట్టాలి. సైజు కలవకపోతే అడాప్టర్ వాడొచ్చు, కానీ ఒక ఎంట్రీకి ఒక్కటే. అడాప్టర్ మీద రెడ్యూసర్, దాని మీద ఇంకో రెడ్యూసర్ కట్టిన గోపురాలు చూశాను, అవి చెల్లవు.

ఒక బటన్ ఎక్కువ కావాలి. రంధ్రం వేయించుకోవచ్చా?

వద్దు. రంధ్రం పడిన నిమిషం నుంచి అది మామూలు పోత పెట్టె. బయట వర్క్‌షాప్ వాడు ఎంత నునుపుగా వేసినా ఆ పెట్టెని పరీక్షించిన రూపం అది కాదు. తయారీదారుకి పంపండి, లేదా ఇంకో బటన్ స్టేషన్ కొనండి.

మూత, ఫ్లాంజ్ విషయంలో మా కుర్రాళ్లకి ఏం చెప్పాలి?

బోల్టులు అన్నీ వేయాలి. ఎనిమిదిలో ఏడు వేస్తే ఎనిమిదో వంతు భద్రత తగ్గడం కాదు, మొత్తం పోయినట్టే. తుప్పు కనిపిస్తే ఎమెరీ కాగితంతో రుద్దొద్దు, గుడ్డ, తగిన క్లీనర్ చాలు. గట్టిపడని గ్రీజు సన్నగా రాయండి. సిలికాన్ గ్రీజు రాసేముందు దగ్గర్లో క్యాటలిటిక్ గ్యాస్ డిటెక్టర్ ఉందేమో చూడండి, సిలికాన్ ఆవిరి ఆ సెన్సర్‌ని మొద్దుబారుస్తుంది. ఒకదాన్ని కాపాడబోయి ఇంకోదాన్ని గుడ్డిదాన్ని చేయడమన్నమాట.

ఆడిట్ వస్తోందంటే పెయింటర్లు దిగుతారు. ఫ్లాంజ్ ముఖం మీద పెయింట్ పడితే సందు మారిపోతుంది, పైగా ప్లేటు మీది అక్షరాలూ పోతాయి. ఎక్కువ మందం పెయింట్‌కి స్టాటిక్ ప్రమాదం కూడా ఉంది. రంగు సైట్‌లో వేయొద్దన్నది అందుకే.

ఎవరూ పట్టించుకోని నియమం ఇంకొకటి ఉంది. ఫ్లాంజ్ సందుకి ఎదురుగా పైపు గానీ గోడ గానీ స్టీలు దిమ్మె గానీ దగ్గరగా ఉండకూడదు. 2ఎకి 10 మిల్లీమీటర్లు, 2బికి 30, 2సికి 40 ఖాళీ వదలాలి. చల్లారాల్సిన వాయువుకి అడ్డం తగిలితే అది చల్లారదు.

జోన్ బయట మామూలు పానెల్ పెట్టుకోవచ్చు కదా?

నియమం ప్రకారం పెట్టుకోవచ్చు. అయితే జోన్ గీతలు ఊహించదగిన లీకులకి గీసినవి. 2009 అక్టోబరు 29న జైపూర్ సీతాపురలోని ఇంధన డిపోలో పెట్రోలు ఆపేవాళ్లు లేక చాలాసేపు కారి, ఆవిరి మేఘంలా ఆవరణంతా కమ్మి పేలింది. 11 మంది చనిపోయారు. విచారణ కమిటీ అనుమానించిన నిప్పు మూలాలు రెండు: ఆఫీసు భవనంలోని ఎఫ్‌ఎల్‌పీ కాని విద్యుత్ పరికరం, లేదంటే స్టార్ట్ చేసిన వాహనం. రెండూ "సేఫ్ ఏరియా" సరుకే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా యూనిట్‌లో 17 మంది చనిపోయిన ప్రమాదంలోనూ, లీకైన సాల్వెంట్ ఎలక్ట్రికల్ పానెల్ దాకా చేరిందనే అప్పట్లో అధికారులు చెప్పారు.

సాల్వెంట్ ఆవిరి చాలావరకు గాలికంటే బరువు. అసిటోన్‌ది రెండింతలు, టొలుయిన్‌ది మూడింతలు. మెట్లు దిగుతుంది, కేబుల్ ట్రెంచ్‌లోంచి నడుస్తుంది, ఎంసీసీ గదిలో లేస్తుంది. కాబట్టి ట్రెంచ్‌లో ఇసుక నింపించండి, గోడలో కేబుల్ పోయే కంతలు సీలు చేయించండి, ఎంసీసీ గది ప్రొడక్షన్ బ్లాకుకి కింద గానీ ఆనుకుని గానీ లేకుండా చూడండి. ఈ ప్రశ్నకి ఎఫ్‌ఎల్‌పీ బాక్స్ జవాబు కాదు.

మా దగ్గర సాల్వెంట్ లేదు, పొడే. ఎఫ్‌ఎల్‌పీ పెడితే చాలా?

2025 జూన్ 30న పాశమైలారంలో సెల్యులోజ్ పొడి తయారుచేసే యూనిట్‌లో పేలుడు జరిగాక ఈ ప్రశ్న ఎక్కువైంది. పంచదార, స్టార్చ్, చాలా మందుల పొడులు గాలిలో లేస్తే పేలతాయి. పొడికి జోన్లు వేరు, 20, 21, 22. పెట్టె కూడా వేరు, దాన్ని ఎక్స్ టి అంటారు. ఇక్కడ సూత్రం తలకిందులు: పొడి లోపలికి రాకూడదు, బయటి ఉపరితలం వేడెక్కకూడదు. గ్యాస్‌కి మాత్రమే సర్టిఫికెట్ ఉన్న పెట్టె పొడికి పనికొస్తుందని అనుకోవద్దు, ప్లేటు మీద రెండూ రాసి ఉండాలి.

వేడి లెక్క ఇలా. పొడి మేఘం 420 డిగ్రీలకి అంటుకుంటుందని అనుకోండి, అందులో మూడింట రెండు వంతులు, అంటే 280. అదే పొడి 5 మిల్లీమీటర్ల పొరగా పడి ఉన్నప్పుడు 300కి రాజుకుంటుందనుకోండి, అందులోంచి 75 తీసేస్తే 225. రెండింటిలో చిన్నది 225, బాక్స్ అంతకు మించి వేడెక్కకూడదు. పొర 5 మిల్లీమీటర్లు దాటితే ఈ లెక్క చెల్లదు. చీపురు కూడా ఇక్కడ భద్రతా పరికరమే. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో పంచదార పొడి పేలి 14 మంది చనిపోయారు. కన్వేయర్‌లో వేడెక్కిన బేరింగ్ మొదట అంటించి ఉండొచ్చని విచారణలో తేల్చారు. అంతటా పేరుకున్న పొడి మిగతా పని చేసింది.

సింగరేణిలో వాడే బాక్స్ ఫ్యాక్టరీకి పనికొస్తుందా?

భూగర్భ గనులది గ్రూపు 1, మీథేన్ కోసం. సాల్వెంట్‌కి అది చెల్లదు. అటునుంచి ఇటూ అంతే: మన అల్యూమినియం పెట్టెలు గనిలోకి పోవు, తుప్పుపట్టిన ఇనుముకి తేలిక లోహం రాసుకుంటే వేడి రవ్వలు లేస్తాయి. గనుల పరికరాలకు అనుమతి ఇచ్చేది ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ (గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్).

ఏ సర్టిఫికెట్ అడగాలి? యంత్రంతో పాటు విదేశీ బాక్స్ వస్తే?

పెట్రోలియం నియమాల కిందికి వచ్చే చోట నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి ఉండాలి. దాని వెనక ధన్‌బాద్ సీఐఎంఎఫ్‌ఆర్ లాంటి గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్ష నివేదిక ఉంటుంది. కాగితం చూసి తలూపడం కాదు, అందులోని మోడల్ నంబరు, గ్రూపు, టీ క్లాసు చేతిలో ఉన్న ప్లేటుతో కలుస్తున్నాయా చూడండి. సర్టిఫికెట్ నంబరు చివర విడిగా ఎక్స్ (X) అక్షరం ఉంటే ప్రత్యేక షరతులున్నాయని అర్థం, ఆ పేజీ చదవండి. యూ (U) ఉంటే అది విడిభాగం మాత్రమే, పూర్తి పెట్టె కాదు. ఖాళీ పెట్టెని యూ సర్టిఫికెట్‌తో కొని లోపల సొంతంగా వైరింగ్ చేసి ఎఫ్‌ఎల్‌పీ పానెల్ అనేవాళ్లున్నారు.

యూరప్ యంత్రాలు అక్కడి పేలుడు భద్రతా గుర్తు ఏటెక్స్‌తో వస్తాయి, జోన్లు మనవే కాబట్టి చదవడం సులువు. అమెరికా స్కిడ్‌ల (ఒకే ఫ్రేము మీద బిగించి వచ్చే యంత్రాలు) మీద అక్కడి పద్ధతిలో నీమా 7, క్లాస్ 1 డివిజన్ 1 అని ఉంటుంది. అక్కడి గ్రూపు అక్షరాలు తలకిందులు, ఎసిటిలీన్ ఎ, హైడ్రోజన్ బి, ప్రొపేన్ డి. వాళ్ల డి చూసి మన 2సి తర్వాతిదేమో అనుకుంటే మునుగుతారు. ఏ గుర్తుతో వచ్చినా ఇక్కడి అనుమతి సంగతి కొనుగోలు ఆర్డర్‌లోనే తేల్చుకోండి, యంత్రం ఓడరేవులో దిగాక కాదు.

చిన్న యూనిట్ అండీ, పది డ్రమ్ముల ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్). మాకూ ఇదంతా అవసరమా?

ఐపీఏ ఫ్లాష్ పాయింట్, అంటే అంటుకునేంత ఆవిరి రావడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 12 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మన వాతావరణంలో డ్రమ్ము మూత తీస్తే ఏడాది పొడవునా అంటుకునే ఆవిరే. డ్రమ్ములు పదైనా వందైనా మూత దగ్గరి ఆవిరి ఒకటే. అయితే మీకు పది బాక్సులు అక్కర్లేదు. స్విచ్చులు, డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) గది బయటికి జరపండి, లోపల ఒక ఎఫ్‌ఎల్‌పీ లైటు, ఎగ్జాస్ట్‌కి ఎఫ్‌ఎల్‌పీ మోటారు, నేల మట్టంలో గాలి లాగే దారి. హ్యాండ్ ల్యాంప్ కూడా ఎఫ్‌ఎల్‌పీదే కావాలి. ట్యాంకులోకి దిగేటప్పుడు అది 24 వోల్టులు దాటకూడదన్నది ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఉన్న నియమం.

సప్లై ఆపేశాం. మూత వెంటనే తీయొచ్చా?

ప్లేటు చదవండి. కెపాసిటర్ లాంటివి లోపల ఉంటే ఎన్ని నిమిషాలు ఆగాలో అక్కడే రాసి ఉంటుంది. బ్రేకర్‌కి తాళం వేసి, తాళంచెవి మూత తీస్తున్న మనిషి జేబులోనే పెట్టుకోవాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి టేబుల్ మీద కాదు.